ఐఎస్ ఆన్‌లోనే ఉంది, ఫొటో ఎందుకు షేక్ అయింది?

ఒక పాఠకుడి ఉత్తరం, కొంచెం కుదించి ఇస్తున్నాను, బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు:

"నా దగ్గర 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) కెమెరా ఉంది. ఈ మధ్యే స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు, ఐఎస్ అన్నా అదే) ఉన్న 70–300 మి.మీ. జూమ్ కొన్నాను. 4 స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే షట్టర్ సమయమో వెలుతురో రెట్టింపు) కలిసొస్తాయని పెట్టె మీద రాశారు. అంటే 300 దగ్గర షట్టర్ స్పీడ్ 1/300 సెకను బదులు 1/20 పెట్టుకుని చేత్తోనే తీసేయొచ్చని లెక్కేసుకున్నాను. సాయంత్రం చెరువు గట్టున కొంగల్ని, హాల్లో స్టేజీ మీద డాన్స్‌ని అలాగే తీశాను. పదింటిలో ఏడెనిమిది పోయాయి. కొన్ని మొత్తం షేక్ అయ్యాయి. కొన్నింటిలో కొంగ కాళ్ల దగ్గరి గడ్డి పోచలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కొంగ తల మాత్రం మసక. పైగా లెన్స్‌ని విడిగా ఊపితే లోపల ఏదో టకటకమంటోంది. లెన్స్ పాడైందా? ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆఫ్ చేయాలంటారు, నిజమేనా? లేక ఇదంతా వదిలేసి 2.8 లెన్స్ (ఈ అంకె ఎంత తక్కువైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు) కొనుక్కోవాలా?"

ముందు ఆ టకటక సంగతి తేల్చేద్దాం, టెన్షన్ తగ్గుతుంది. స్టెబిలైజేషన్ ఉన్న చాలా లెన్స్‌ల్లో ఒక గాజు గుంపు అటూ ఇటూ జరగడానికి వీలుగా వదులుగా అమర్చి ఉంటుంది. కరెంటు లేనప్పుడు దాన్ని పట్టుకునేవాడు ఉండడు. అందుకే ఊపితే చప్పుడు. కెమెరాకు తగిలించి షట్టర్ బటన్ సగం నొక్కితే సన్నగా గుయ్‌మనే శబ్దం వచ్చి, వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక్కసారి కుదురుకున్నట్టు కనిపిస్తే లెన్స్ తన పని తాను చేస్తున్నట్టే.

పాడవలేదనడానికి ఇంకో సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. కెమెరా కదిలితే ఫ్రేములో ఉన్నదంతా కలిసి ఒకే దిక్కుకు సాగుతుంది. గడ్డి, నీళ్లు, కొంగ, ఏదీ తప్పించుకోదు. గడ్డి పోచలు స్పష్టంగా ఉండి, వాటి పక్కనే నిలబడిన కొంగ తల ఒక్కటే చెరిగిందంటే మీ చేతి వణుకుని లెన్స్ చక్కగా ఆపింది. ఆ క్షణంలో కొంగ తల తిప్పింది. ఫొటో పోయిందని అనిపించినప్పుడల్లా ముందు ఈ తేడా చూడండి. పెద్దది చేసి చూస్తే చిన్న మెరుపులు, దీపాలు చిన్న గీతలుగానో, కొక్కేల్లాగానో సాగి ఉన్నాయా? అది మీ చేయి. కదలనివి షార్ప్‌గా ఉండి కదిలేది మాత్రమే చెరిగిందా? అది షట్టర్ స్పీడ్ చాలకపోవడం. సబ్జెక్టు అన్నివైపులా మెత్తగా ఉండి, దానికి ముందో వెనకో ఉన్నది పదునుగా ఉందా? అది ఫోకస్ తప్పడం. ఈ మూడింటికి మూడు వేరే మందులు. స్టెబిలైజేషన్ వీటిలో మొదటిదానికే పనికొస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. చేతిలో ఏది పట్టుకున్నా సన్నని వణుకు ఉంటుంది, సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు. ఇది జబ్బు కాదు, అందరికీ ఉన్నదే. దానికి తోడు ఊపిరి, గుండె కొట్టుకోవడం, నిలబడ్డప్పుడు ఒళ్లు మెల్లగా ఊగడం. సెకనుకు 10 సార్లు వణికే చేయి ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లడానికి పట్టే సమయం సరిగ్గా 1/20. అంటే మీరు పెట్టిన షట్టర్ స్పీడ్‌లో ఆ వణుకు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పూర్తిగా పడుతుంది. అదే 1/500 పెడితే అందులో ఒక చిన్న ముక్క మాత్రమే సెన్సార్ మీద పడుతుంది.

టెలిఫోటోతో వచ్చిన చిక్కేమిటంటే, ఈ వణుకు ఎంత చిన్నదైనా పెద్దదై కూర్చుంటుంది. 300 మి.మీ. దగ్గర కెమెరా ఒక డిగ్రీలో నూరో వంతు పక్కకు తిరిగిందనుకుందాం. ఆ మాత్రం కదలిక మీకు తెలియను కూడా తెలియదు. కానీ సెన్సార్ మీద బొమ్మ 52 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జరుగుతుంది. మీ కెమెరాలో ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్ల లోపే, కాబట్టి బొమ్మ 13 పిక్సెళ్లు పక్కకు పోయినట్టు. కొంగ కంటిలో మెరుపు అంటారే, అది మొత్తం కలిపి అన్ని పిక్సెళ్లు ఉండదేమో. అదే కదలిక 30 మి.మీ. లెన్స్‌తో అయితే ఒకటిన్నర పిక్సెల్‌కు మించదు, ఎవరూ పట్టించుకోరు.

లెన్స్‌లోని గైరో సెన్సార్లు ఈ తిరుగుడునే కొలుస్తాయి: కెమెరా పైకీ కిందకీ ఊగడం ఒకటి, పక్కలకు తిరగడం ఇంకొకటి. ఆ కొలతను బట్టి చిన్న మోటార్లు మీరు చప్పుడు విన్న ఆ గాజు గుంపును ఎదురు దిక్కుకు జరుపుతాయి. బొమ్మ సెన్సార్ మీద ఉన్నచోటే నిలుస్తుంది. ఎస్ఎల్ఆర్ కెమెరాల మార్చుకునే లెన్స్‌ల్లో ఈ ఏర్పాటు మొదట 1995లో కానన్ 75–300 జూమ్‌తో వచ్చింది. అప్పట్లో 2 స్టాప్‌లంటేనే గొప్ప. కానన్ దీన్ని ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సిగ్మా ఓఎస్, టామ్రాన్ వీసీ, సోనీ లెన్స్‌ల మీద ఓఎస్ఎస్. పేర్లు వేరైనా లోపల జరిగేది దాదాపు ఇదే.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. చేత్తో తీసేటప్పుడు లెన్స్ ఎన్ని మి.మీ. అయితే సెకనులో అన్నో వంతు స్పీడ్ పెట్టాలన్నది పాత నియమం. 300 మి.మీ.కి 1/300 అన్నది ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ సైజు సెన్సార్) లెక్క. మీది ఏపీఎస్-సీ, ఫ్రేము చిన్నది, అదే బొమ్మను ఎక్కువగా సాగదీసి చూస్తారు. కాబట్టి ఒకటిన్నరతో గుణించాలి: 1/450. అక్కడి నుంచి 4 స్టాప్‌లు, అంటే నాలుగుసార్లు రెట్టింపు చేస్తే సుమారు 1/28 వస్తుంది. 1/20 రాదు. పైగా ఈ నియమం ఫిల్మ్ కాలంలో, ఓ మోస్తరు సైజు ప్రింట్లు చూసే రోజుల్లో పుట్టింది. మీరు 24 మెగాపిక్సెళ్లను స్క్రీన్ మీద నూరు శాతానికి పెంచి గడ్డి పోచలు లెక్కపెడుతున్నారు. అంత కఠినంగా చూసేవాళ్లు ఇంకో స్టాప్ పక్కన పెట్టుకోవడం మంచిది. అప్పుడు మీ లెన్స్‌కు 300 దగ్గర చేత్తో తీయదగ్గ స్పీడ్ 1/60 దరిదాపుల్లో తేలుతుంది. స్టెబిలైజేషన్ లేకుండా ఇంతే షార్ప్‌గా రావాలంటే 1/900 కావాల్సి వచ్చేది. అదేమీ చిన్న సాయం కాదు. మీరు దాన్ని 1/20 దాకా లాగేసరికి చేతులెత్తేసింది, అంతే.

పెట్టె మీది అంకె సంగతి కూడా చెప్పాలి. అది బండికి కంపెనీ చెప్పే మైలేజీ లాంటిది. అబద్ధం కాదు, కానీ మన రోడ్డు మీద కొలిచింది కాదు. జపాన్‌లో కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ దీనికి ఒక ప్రమాణం పెట్టింది. కెమెరాను యంత్రం మీద బిగించి, ముందే నిర్ణయించిన ఊపుతో ఊపి కొలుస్తారు. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషిని, ఈదురుగాలిలో నిలబడ్డ మనిషిని ఆ యంత్రం లెక్కలోకి తీసుకోదు. ఇంకో మాట: 4 స్టాప్‌లు అంటే 1/28 వరకు ప్రతి ఫొటో వస్తుందని, దాటగానే ప్రతిదీ పోతుందని కాదు. వణుకు ప్రతిసారీ ఒకేలా ఉండదు కదా. స్పీడ్ తగ్గేకొద్దీ పదింటిలో బాగా వచ్చేవి తొమ్మిది, ఏడు, నాలుగు, రెండు ఇలా తరుగుతూ పోతాయి. మీకు 1/20 దగ్గర రెండు మూడు వచ్చాయంటే, నిజానికి అది చెడ్డ లెక్కేమీ కాదు.

అందుకని మీ చేతికి, మీ లెన్స్‌కు ఎంత వస్తుందో మీరే కొలుచుకోండి. చిన్న అక్షరాలున్న అచ్చు కాగితం ఒకటి గోడకు అంటించి, 300 దగ్గర, అక్షరాలు అందే దూరంలో నిలబడండి. షట్టర్ ప్రయారిటీ (స్పీడ్ మీరు ఎంచుకునే మోడ్), ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ ఎంత స్పందించాలో కెమెరాయే చూసుకునేది) పెట్టుకుని 1/250, 1/125, 1/60, 1/30, 1/15 ఒక్కోదానికి పదేసి ఫొటోలు తీయండి, ప్రతిసారీ కెమెరా దించి మళ్లీ ఎత్తి. స్టెబిలైజేషన్ ఆఫ్ చేసి అదే మళ్లీ. తర్వాత కంప్యూటర్‌లో తీరిగ్గా కూర్చుని ఎన్ని చదవగలుగుతున్నారో లెక్కపెట్టండి. పదింటిలో ఎనిమిది చదవగలిగిన స్పీడ్ మీ సొంత అంకె. పెట్టె మీది అంకెను ఇక మర్చిపోవచ్చు. ఆన్‌లో ఉన్నప్పటికీ, ఆఫ్‌లో ఉన్నప్పటికీ ఫలితంలో తేడానే లేకపోతే అప్పుడు లెన్స్‌ను సర్వీసుకు చూపించండి, అంతకుముందు వద్దు.

కొంగల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఫొటోలు ఎక్కువగా పోయింది అక్కడే అని నా అనుమానం. కొంగ 15 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది, కానీ తల మెల్లగా, సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున జరుపుతోంది. అది కదలిక అని కూడా మనకు అనిపించదు. 1/30 సెకనులో తల 1.7 మిల్లీమీటర్లు జరుగుతుంది, సెన్సార్ మీద 8 పిక్సెళ్లకు పైగా. ఈక మీది గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడానికి అది చాలు. అదే 1/500 పెడితే అర పిక్సెల్. 4 స్టాప్‌లు కాదు, 8 స్టాప్‌ల స్టెబిలైజేషన్ ఉన్నా ఈ 8 పిక్సెళ్ల దగ్గర అది ఏమీ చేయలేదు. దానికి తెలిసింది కెమెరా ఊగడం ఒక్కటే, అవతల కొంగ ఏం చేస్తోందో దానికి తెలియదు.

కాబట్టి స్పీడ్ ఎంచుకునేటప్పుడు లెన్స్‌ను కాదు, ముందు ఎదురుగా ఉన్నదాన్ని చూడండి. నిశ్చలంగా కూర్చున్న పక్షి, రాయి మీద తాబేలు, దూరపు గోపురం, కొండ మీది చివరి వెలుగు: వీటికి స్టెబిలైజేషన్ నిజంగా వరం. 1/60, ఇంకా ధైర్యం ఉంటే 1/30, ఐఎస్ఓ తక్కువ, రంగులు శుభ్రంగా. తల తిప్పుతూ మేత వెతికే పక్షికి 1/250 నుంచి 1/500. ఎగిరే పక్షికి 1/1600 అయినా ఎక్కువ కాదు. 1/30 నుంచి 1/500కి వెళ్తే 4 స్టాప్‌ల వెలుతురు పోతుంది, ఐఎస్ఓ 400 కాస్తా 6400 అవుతుంది. గ్రెయిన్ (బొమ్మలో గరుకు చుక్కలు) వస్తుంది, రానివ్వండి. గ్రెయిన్‌ని సాఫ్ట్‌వేర్ చాలావరకు తుడిచేస్తుంది. చెరిగిపోయిన తలను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ నాకు ఇంతవరకు నచ్చేది కనబడలేదు. మీ కెమెరాలో ఆటో ఐఎస్ఓకి కనీస షట్టర్ స్పీడ్ పెట్టుకునే వీలుంటే పక్షుల కోసం అక్కడ 1/500 పెట్టేసి ఈ గొడవ మర్చిపోండి.

స్టేజీ డాన్స్ మధ్యరకం. వేగంగా ఊగే చేతిని ఆపడానికి 1/500 కూడా ఒక్కోసారి చాలదు. అయితే ఏ నాట్యంలోనైనా అడుగు వేసి ఒక్క క్షణం నిలిచే చోట్లుంటాయి. తాళం వింటూ ఆ నిలకడ కోసం కాచుకుంటే 1/125తో ముఖం, చేతులు రెండూ షార్ప్‌గా వస్తాయి. అక్కడ మీ చేతి వణుకుని లెన్స్ చూసుకుంటుంది, డాన్సర్ కదలికను తాళం చూసుకుంటుంది. కొన్ని ఫొటోల్లో కావాలనే 1/30 పెట్టి చూడండి, ముఖం నిలిచి పమిట చెరగు మాత్రం గాలిలో సాగినట్టు వస్తే అది మీకు నచ్చే అవకాశమే ఎక్కువ.

పట్టుకునే తీరులో రెండే విషయాలు చెప్తాను, మిగతావి అందరూ చెప్పేవే. ఒకటి: బటన్ సగం నొక్కాక అర సెకను, వీలైతే ఒక సెకను ఆగండి. స్టెబిలైజర్ మేలుకుని కుదురుకోవడానికి ఆ వ్యవధి కావాలి. ఒక్కసారిగా బటన్ పూర్తిగా గుద్దేస్తే గాజు ఇంకా సర్దుకుంటూ ఉండగానే ఫొటో పడిపోతుంది. వ్యూఫైండర్‌లో బొమ్మ నీళ్లమీద తేలినట్టు కొంచెం జారి ఆగడం కనిపిస్తుంది చూడండి, ఆగాక నొక్కండి. రెండు: స్లో స్పీడ్‌లలో ఒక్కటి తీయకండి, బరస్ట్‌లో నాలుగైదు తీయండి. మొదటిదాంట్లో వేలు నొక్కిన కుదుపు ఉంటుంది, ఆఖరిదాంట్లో వేలు వదిలిన కుదుపు ఉంటుంది. మధ్యవి సాధారణంగా బాగుంటాయి. పైన చెప్పిన తొమ్మిది, ఏడు, నాలుగు లెక్కను మీకు అనుకూలంగా తిప్పుకోవడమే ఇది. ఎడమ చేయి లెన్స్ కిందకు, మోచేతులు పక్కలకు ఆనించి, గోడో స్తంభమో దొరికితే భుజం మోపండి. ఇవన్నీ చేస్తే ఒక స్టాప్ ఉచితంగా వస్తుంది.

మీది అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ అయితే అద్దం లేచే దెబ్బ కూడా 1/60 కంటే తక్కువ స్పీడ్‌లలో కనిపిస్తుంది. లైవ్ వ్యూలో (అద్దం ముందే ఎత్తి, వెనక స్క్రీన్ మీద చూస్తూ) తీస్తే తగ్గుతుంది. మిర్రర్‌లెస్ అయితే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెర కుదుపు లేకుండా చేసే సెట్టింగ్) ఆన్ చేసుకోండి.

ట్రైపాడ్ మాట నిజమే, కానీ అందరూ చెప్పేంత భయపడాల్సిన పని లేదు. పాత లెన్స్‌లు కదలికే లేని చోట కూడా కదలికను వెతుక్కుంటూ, తమ మోటార్ల అదురునే చేతి వణుకు అనుకుని బొమ్మను మెల్లగా జరుపుతాయి. కొత్తవి చాలావరకు ట్రైపాడ్ మీద ఉన్నామని గుర్తుపట్టి తగ్గుతాయి. మీ లెన్స్ ఏ కోవలోదో మాన్యువల్‌లో ఉంటుంది. అది చదివే ఓపిక లేకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: గట్టిగా బిగించి, టైమర్‌తో తీస్తుంటే ఆఫ్. మోనోపాడ్, కిటికీ అంచు, ఇసుక సంచి మీద అయితే ఆన్. ఇవి బరువు మోస్తాయి తప్ప ఊపును పూర్తిగా ఆపవు.

లెన్స్ మీద మోడ్ 1, మోడ్ 2 అని స్విచ్ ఉంటే 1 మామూలుగా వాడేది. 2 పానింగ్ కోసం, పక్కకు పరిగెత్తే సైకిల్‌తో పాటు కెమెరా తిప్పుతూ తీసేటప్పుడు. అప్పుడది పక్క ఊపును వదిలేసి పైకీ కిందకీ ఊగడాన్నే సరిచేస్తుంది. 1/1000 దాటాక ఫొటోలో స్టెబిలైజేషన్ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. అయినా నేను ఆఫ్ చేయను, 300 దగ్గర వ్యూఫైండర్ నిలకడగా ఉంటే ఫోకస్ పాయింటును పక్షి కంటి మీద నిలపడం సులువు.

సెన్సార్‌నే జరిపే కెమెరాలు ఉన్నాయి కదా, అవి మేలా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. 300 మి.మీ.లో అర డిగ్రీ ఊపును సరిచేయాలంటే సెన్సార్ రెండున్నర మిల్లీమీటర్లకు పైగా జరగాలి. అంత చోటు బాడీలో ఉండటం కష్టం. అందుకే పొడవాటి లెన్స్‌లకు లోపలి స్టెబిలైజేషనే ఎక్కువ పనికొస్తుంది. బాడీ చేయగలిగి లెన్స్ చేయలేనిది ఒకటుంది: కెమెరా చక్రంలా తిరిగే ఊపు. ఫొటో మధ్యలో షార్ప్‌గా ఉండి మూలల్లో మాత్రం చాపం గీసినట్టు చెరిగితే అది ఈ రకం. సీతాకోకచిలుకల్ని అతి దగ్గర నుంచి తీసేటప్పుడు కూడా మీ లెన్స్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అక్కడ కెమెరా తిరగడం కంటే పక్కకు జరగడం ఎక్కువ దెబ్బతీస్తుంది, తిరుగుడును కొలిచే గైరోకు అది అందదు.

చివరిది, 2.8 లెన్స్. మీ 70–300 కొసన 5.6 కాబట్టి 2.8 అంటే 2 స్టాప్‌ల అసలైన వెలుతురు. స్టెబిలైజేషన్ ఇచ్చే 4 స్టాప్‌లతో దీన్ని పోల్చకండి. ఈ 2 స్టాప్‌లతో 1/125 కాస్తా 1/500 అవుతుంది, డాన్సర్ చేయి ఆగుతుంది. ఆ పని స్టెబిలైజేషన్ వల్ల కాదు. పక్షుల కోసం మాత్రం కొనొద్దంటాను. మామూలుగా దొరికే 2.8 జూమ్ 70–200, బరువు కిలోకు పైనే, 300 ఎక్కడా ఉండదు. పక్షి ఫ్రేములో చిన్నదైపోతుంది, మీరు దాన్ని క్రాప్ చేస్తారు, లాభం అక్కడే హరించుకుపోతుంది. స్టేజీ ప్రోగ్రాములు తరచూ తీస్తుంటే, ముందు మీరు తీసిన డాన్స్ ఫొటోలు తెరిచి ఎన్నింటిలో జూమ్ 200 లోపు ఉందో చూడండి. ఎక్కువ భాగం లోపే ఉంటే ఒక ప్రోగ్రాముకు అద్దెకు తెచ్చుకుని, ఆ బరువుతో మీ చేయి ఎంత సేపు నిలుస్తుందో చూసుకుని అప్పుడు కొనండి.